పచ్చి మాంసం తినే కుక్కకు విటమిన్లు సరిపోయేలా చూసుకోవడం ఎలా?

నల్లగొండ, పాలమూరు వైపు కుక్కలు పెంచేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది. "మావాడికి పచ్చి మాంసమే పెడుతున్నం, ఏ టానిక్ పోయాలె?" తోటకు కాపలా కుక్కను పెట్టుకున్న రైతూ ఇదే అడుగుతాడు, రెండో అంతస్తులో ల్యాబ్రడార్ కుక్కను పెంచే ఉద్యోగీ ఇదే అడుగుతాడు. టానిక్ పేరు చెప్పడం ఒక్క నిమిషం పని. కానీ గిన్నెలో ఏం పడుతోందో చూడకుండా టానిక్ పోస్తే, తక్కువైనది తక్కువగానే ఉండిపోతుంది, ఎక్కువైనది ఇంకా ఎక్కువవుతుంది.

అసలు సంగతి ఇది. మాంసం, గుండెకాయ, కార్జం తినే కుక్కకు బి విటమిన్ల లోటు పెద్దగా రాదు. లోటు పడేవి డి, ఇ విటమిన్లు. హద్దు దాటేది విటమిన్ ఏ. తిండిలో ఉన్నా మన చేతులారా పోగొట్టేది బి1. ఈ నాలుగింటినీ దారిలో పెడితే మిగతావి చాలావరకు సర్దుకుంటాయి. క్యాల్షియం విటమిన్ కాదు గానీ, అది లేకుండా డి గురించి ఎంత చెప్పినా దండగే, అందుకే దాన్నీ కలిపాను.

కింద ఇచ్చిన లెక్కలన్నీ 20 కిలోల పెద్ద కుక్కకు. బాగా తిని తిరిగే మన నాటు కుక్క ఇంచుమించు ఆ బరువుంటుంది. దానికి రోజుకు దాదాపు 1000 కేలరీలు కావాలి. పెంపుడు జంతువుల తిండికి అమెరికాలో ప్రమాణాలు పెట్టే ఆఫ్కో సంస్థ అంకెలు కూడా 1000 కేలరీలకే ఉంటాయి కాబట్టి లెక్క తేలిక. మీ కుక్క 10 కిలోలైతే ఈ కొలతల్లో సగం కన్నా కాస్త ఎక్కువ, 30 కిలోలైతే ఒకటింబావు నుంచి ఒకటిన్నర రెట్ల మధ్య వేసుకోండి.

ముందు, ఎవరు చేయకూడదు

ఏడాది నిండని పిల్లలకు, చూడి కుక్కకు, పాలిచ్చే తల్లికి, కిడ్నీ లేదా ప్యాంక్రియాస్ జబ్బున్న కుక్కకు ఈ కొలతలు పనికిరావు. ముఖ్యంగా ల్యాబ్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతుల పిల్లలకు క్యాల్షియం కాస్త అటూ ఇటూ అయినా కాళ్లు వంకరపోతాయి. వాటికి డాక్టరు కూర్చుని లెక్క వేయాల్సిందే.

ఇంట్లో పాకే పిల్లలు, గర్భిణులు, బాగా వయసు మళ్లినవాళ్లు, క్యాన్సర్ మందులు వాడేవాళ్లు ఉంటే పచ్చి మాంసం వద్దు. అందులోని సాల్మొనెల్లా లాంటి క్రిములు కుక్క మూతి నుంచి, గిన్నె నుంచి మనుషులకు వస్తాయి. అమెరికా పశువైద్యుల సంఘం అసలు పచ్చి మాంసం పెట్టడాన్నే ప్రోత్సహించదు. ఆ మాట చెప్పకుండా పద్ధతి మాత్రం చెప్పడం నాకిష్టం లేదు. దారి కావాలంటే, ఇదే తూకంతో అన్నీ తీసుకుని తక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లతో సహా పెట్టండి. ఎముకలు మాత్రం ఉడికించినవి వేయొద్దు. వాటి బదులు గుడ్డు పెంకు పొడి.

కావాల్సినవి

- చిన్న డిజిటల్ కాటా, గ్రాముల్లో చూపించేది. ఇది లేకపోతే మిగతాదంతా అంచనా పనే.
- మాంసం: చికెన్ లేదా మటన్, గుండెకాయ, కందనకాయలు. వారానికి 2.2 కిలోలు.
- మేక లేదా కోడి కార్జం: వారానికి 150 గ్రాములు.
- గుర్దాలు, తిల్లి: రెండూ కలిపి వారానికి 150 గ్రాములు.
- చేప: వారానికి 300 గ్రాములు. ఏ చేప అన్నది నాలుగో మెట్టులో చెప్తాను.
- కోడిగుడ్లు: 7.
- ఆకుకూర, కూరగాయలు: వారానికి 350 గ్రాములు.
- గుడ్డు పెంకుల పొడి.
- విటమిన్ ఇ క్యాప్సూళ్లు, 200 మిల్లీగ్రాములవి.
- ఒక నోటుబుక్కు.

ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, ద్రాక్ష, కిస్‌మిస్ ఈ జాబితాలోకి ఏ రూపంలోనూ రాకూడదు. మసాలా పట్టించిన ముక్కల్లో ఎల్లిగడ్డ ఉంటుంది, గుర్తుంచుకోండి.

1. కుక్కను తూచండి, తిండిని తూచండి

కుక్కను ఎత్తుకుని మనుషుల బరువు చూసే కాటా మీద నిలబడండి. తర్వాత మీరొక్కరే నిలబడండి. తేడానే దాని బరువు. ఎత్తలేనంత పెద్దదైతే పశువుల దవాఖానలో తూయించండి.

పెద్ద కుక్కకు రోజు తిండి దాని బరువులో 2 నుంచి 3 శాతం. 20 కిలోలకు 500 గ్రాములతో మొదలుపెట్టండి. పైన జాబితాలోని తూకాలన్నీ కలిపితే వారానికి మూడున్నర కిలోలు వస్తుంది, అంటే రోజుకు ఆ అరకిలోనే. పక్కటెముకల మీద చెయ్యి వేస్తే తగలాలి, దూరం నుంచి చూస్తే లెక్కపెట్టేలా ఉండకూడదు. ఎండిపోతుంటే పెంచండి, ఒళ్లు చేస్తుంటే తగ్గించండి. కొవ్వు, తోలు అంతా తీసేసిన చికెన్ బ్రెస్టే పెడితే ఈ తూకంలో కేలరీలు చాలవు.

ఇప్పటిదాకా అన్నం, పెడిగ్రీ లాంటి ప్యాకెట్ తిండి తిన్న కుక్కకు ఒక్కసారిగా మార్చకండి. పాత తిండిలో పావు వంతు తీసి కొత్తది కలపండి. రెండు మూడు రోజులకోసారి ఇంకో పావు. విరేచనాలైతే అక్కడే ఆగండి.

2. కార్జం: తక్కువ పెట్టినా పర్వాలేదు, కొలవకుండా పెట్టొద్దు

ఎక్కువ ఇళ్లలో గాడి తప్పేది ఇక్కడే. "కార్జం పెడితే రక్తం పడుతది" అని మటన్ కొట్టులో మిగిలిన కార్జమంతా కుక్కకు వేస్తారు. కార్జం బలమే. విటమిన్ ఏ, బి12, ఫోలేట్, రాగి అన్నీ అందులో ఉంటాయి. కానీ విటమిన్ ఏ అనేది నీళ్లలో కరిగి బయటికి పోయే విటమిన్ కాదు, ఒంట్లో పేరుకుపోతుంది.

లెక్క చూడండి. 20 కిలోల కుక్కకు రోజుకు కనీసం కావాల్సిన విటమిన్ ఏ 1250 యూనిట్లు. వంద గ్రాముల గొర్రె కార్జంలో సుమారు 24,000 యూనిట్లుంటాయి, మేకదానికీ ఇదే లెక్క వేసుకోండి. కోడి కార్జంలో సుమారు 11,000. అంటే రోజుకు 20 గ్రాముల మేక కార్జం పెట్టినా కనీసానికి నాలుగింతలు దాకా వస్తుంది. గరిష్ఠ హద్దు 62,500. రోజూ పావుకిలో మేక కార్జం తినే కుక్క సరిగ్గా ఆ గీత మీద నిలబడి ఉన్నట్టే. దాని మీద ఏ-డి కలిసిన టానిక్ పోస్తే గీత దాటేస్తుంది.

అందుకే వారానికి 150 గ్రాములు చాలు. రోజూ 20 గ్రాములు పెట్టినా, వారంలో మూడు సార్లు 50 గ్రాముల చొప్పున పెట్టినా ఒకటే. కార్జం తిననని మొండికేసే కుక్కలూ ఉంటాయి. సన్నగా తరిగి పెనం మీద రెండు నిమిషాలు అటూ ఇటూ తిప్పి ఖీమాలో కలపండి, అంత కాస్త వేడికి విటమిన్ ఏ పోదు.

ఇక కొనేటప్పుడు చూడాల్సింది. గొర్రెలు, మేకలు ఎక్కువున్న మన ప్రాంతంలో ఇది మరీ ముఖ్యం. కొట్టాయన కార్జం కోసేముందు చేతిలోకి తీసుకుని రెండు వైపులా తిప్పి చూడండి. పైన గానీ కోసిన చోట గానీ తెల్లటి గోడతో, లోపల తేటగా నీరున్న బుడగలు కనిపిస్తాయా? బఠానీ గింజంత ఉండొచ్చు, నిమ్మకాయంత ఉండొచ్చు, వేలితో నొక్కితే గట్టిగా తగులుతుంది. అది హైడాటిడ్ తిత్తి. ఎకైనోకాకస్ అనే బద్దె పురుగు అందులో ఉంటుంది. కుక్క అది తింటే పురుగు దాని పేగులో పెరుగుతుంది, గుడ్లు మలంలో వస్తాయి, ఆ గుడ్లు మన కడుపులోకి పోతే మన కార్జంలోనో ఊపిరితిత్తుల్లోనో అలాంటి బుడగలే వస్తాయి. బుడగ ఉన్న భాగం వరకు కోసి పారేసి మిగతాది వాడుకుందామనుకోకండి. మొత్తం వద్దనండి. అది కుక్కలకు దొరికేలా పక్కన పారేయకూడదని ఆయనకూ చెప్పండి. ఊపిరితిత్తుల ముక్కలకూ ఇదే మాట.

బుడగలు కంటికి కనపడనంత చిన్నగానూ ఉంటాయి. అందువల్ల మేక, గొర్రె కార్జం, ఊపిరితిత్తులు నేనైతే ఉడికించే పెట్టమంటాను. మిగతా తిండి పచ్చిగా పెట్టుకున్నా సరే. నట్టల మందు వేయించేటప్పుడు ప్రాజిక్వాంటెల్ ఉన్నదే కావాలని అడగండి, ఈ బద్దె పురుగుకు బాగా పనిచేసేది అదే. పచ్చి మాంసం తినే కుక్కకు ఎన్నాళ్లకోసారి వేయాలో డాక్టరుతో మాట్లాడి నోటుబుక్కులో రాసుకోండి.

3. గుర్దా, తిల్లి

ఇందులో పెద్ద కథ లేదు. గుర్దాలో బి2, బి12 బాగుంటాయి, తిల్లిలో ఇనుము. రెండూ కలిపి వారానికి 150 గ్రాములు. దొరక్కపోతే కంగారొద్దు, ఆ తూకానికి గుండెకాయ వేయండి. వాటి బదులు కార్జం మాత్రం పెంచకండి. బోటి ఇష్టంగా తింటాయి, మాంసంలో కొంత భాగంగా పెట్టొచ్చు, కానీ బోటి ఒక్కటే తిండి కాదు.

మేక, గొర్రె గొంతు ముక్కలు వద్దు. థైరాయిడ్ గ్రంథి అక్కడే ఉంటుంది. రోజూ తింటే కుక్క బరువు తగ్గుతూ, ఊరికే ఆయాసపడుతూ, థైరాయిడ్ రోగిలా తయారవుతుంది.

4. విటమిన్ డి: ఎండ సరిపోదు

"మా కుక్క పొద్దంతా ఎండలనే పడుకుంటది, దానికి డి ఎందుకు?" అని అడుగుతారు. పాలమూరు ఎండలు చూస్తే ఆ మాట నిజమే అనిపిస్తుంది. కానీ మనిషి చర్మంలా కుక్క చర్మం ఎండ నుంచి కావాల్సినంత డి తయారు చేసుకోలేదు. దానికి డి తిండిలోంచే రావాలి.

20 కిలోల కుక్కకు రోజుకు కనీసం 125 యూనిట్లు, వారానికి 875. ఒక గుడ్డు పసుపు సొనలో సుమారు 40 ఉంటాయి కాబట్టి రోజుకొక గుడ్డుతో వారానికి 280 వస్తాయి. వంద గ్రాముల సార్డిన్ చేపలో సుమారు 190. మూడు వందల గ్రాములకు 570. రెండూ కలిపితే 850. కార్జంలో ఉన్న కొద్దిపాటి డి మిగతా లోటు పూడుస్తుంది. అందుకే జాబితాలో ఏడు గుడ్లు, 300 గ్రాముల చేప రాశాను. ఏ ఒక్కటి మానేసినా లెక్క తప్పుతుంది.

సార్డిన్లు తాజాగా మన దగ్గర రోజూ దొరకవు. సముద్రం చేప ఐసులో వచ్చిన రోజు కొని వంద గ్రాముల పొట్లాలు కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకోండి. డబ్బా సార్డిన్ కొంటే నీళ్లలో ఉన్నదే కొనండి, టమాటా సాస్, మసాలా ఉన్నది వద్దు. సాగర్ నుంచో జూరాల నుంచో వచ్చే రవ్వ, బొచ్చె, కొర్రమట్ట మాంసకృత్తులకు మంచివే, పెట్టండి. కానీ చేపను బట్టి డి మారిపోతుంది కాబట్టి వాటిని డి లెక్కలో వేసుకోకండి.

చేప అసలే పడని కుక్కకు కాడ్ లివర్ ఆయిల్ ఒక దారి. టీస్పూనులో డి సుమారు 400 యూనిట్లుంటుంది, దాంతోపాటు విటమిన్ ఏ కూడా సుమారు 4500 వస్తుంది. వారానికి ఒకటింబావు నుంచి ఒకటిన్నర టీస్పూన్లు, రెండు మూడు సార్లుగా పంచి వేస్తే చేప లోటు తీరుతుంది. సీసా మీది అంకెలు చూసి లెక్క సరిచేసుకోండి. అది వాడే వారాల్లో కార్జం సగానికి తగ్గించండి. ఒమేగా కోసం అమ్మే మామూలు ఫిష్ ఆయిల్ వేరు, అందులో డి ఉందనుకోవద్దు. మెడికల్ షాపులో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి, ఒకటి అడిగితే ఇంకోటి చేతిలో పెట్టడం మామూలే.

ఇప్పుడు ఒక హెచ్చరిక. మనుషులకు వారానికోటి రాసే 60,000 యూనిట్ల విటమిన్ డి పొట్లాలు, క్యాప్సూళ్లు ఈ రోజుల్లో చాలా ఇళ్లలో ఉంటున్నాయి. కుక్కకు కూడా ఒకటి పాలల్లో కలిపేద్దామనుకునేవాళ్లున్నారు. ఒక్క పొట్లంలో ఉన్నది 20 కిలోల కుక్కకు 480 రోజుల కనీస మోతాదు. రోజువారీ గరిష్ఠ హద్దు 750 లెక్కన చూసినా 80 రోజులది. చిన్న కుక్కకు ఆ ఒక్కటే విషమవుతుంది. రక్తంలో క్యాల్షియం పెరిగిపోయి, వాంతులు, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, ఆ తర్వాత కిడ్నీలు. పొట్లాలు కుక్కకు అందని అల్మారాలో పెట్టండి, వాటి రుచి దానికి నచ్చుతుంది.

5. విటమిన్ ఇ: నూనె చుక్కలతో తీరదు

పచ్చి మాంసంలో ఇ చాలా తక్కువ. చేప నూనె ఇస్తుంటే అవసరం ఇంకా పెరుగుతుంది. రోజుకు కనీసం 12 యూనిట్ల పైచిలుకు, అంటే సుమారు 8 నుంచి 12 మిల్లీగ్రాములు కావాలి. "సన్‌ఫ్లవర్ ఆయిల్ ఒక చెంచా పోస్తున్నా కదా" అంటారు. టీస్పూను పొద్దుతిరుగుడు నూనెలో ఉండేది 2 మిల్లీగ్రాములే. పది గ్రాముల పొద్దుతిరుగుడు గింజల పొడిలో మూడున్నర. అవసరమంతా నూనెతోనే తీర్చబోతే కుక్కకు విరేచనాలు ఖాయం.

తేలికైన పద్ధతి: వారానికి 200 మిల్లీగ్రాముల క్యాప్సూలు ఒకటి. సూదితో పొడిచి తిండి మీద పిండేయండి. రోజు లెక్కన 28 మిల్లీగ్రాములు పడుతుంది, చేప తినే కుక్కకూ చాలు. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, ఆపరేషన్ ఉన్నా డాక్టరును అడిగాకే. చేప నూనె సీసాను ఫ్రిజ్‌లో పెట్టండి. నల్లగొండ ఎండాకాలంలో బయట పెడితే త్వరగానే ముక్కిన వాసన వస్తుంది, ముక్కిన నూనె ఒంట్లో ఉన్న విటమిన్ ఇని కూడా తినేస్తుంది.

6. చేపనూ గుడ్డు తెల్ల సొననూ ఉడికించండి

కొన్ని చేపల్లో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది బి1ని విరగ్గొట్టేస్తుంది. మన చెరువుల్లో విరివిగా దొరికే బంగారు తీగ అలాంటిదే. ఆ చేపను పచ్చిగా వారాల తరబడి పెడితే గిన్నెలో ఎంత గుండెకాయ వేసినా బి1 మిగలదు. ముందు తిండి మీద ఇష్టం పోతుంది, తర్వాత నడక తూలుతుంది, ముదిరితే ఫిట్స్. ఏ చేపలో ఉందో గుర్తుపెట్టుకోవడం కన్నా అన్ని చేపలనూ పది నిమిషాలు ఉడికించి ముళ్లు తీసి పెట్టడం సులువు. వేడికి ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. ఉడికించిన నీళ్లు పారబోయకండి, కొంత బి1 అందులోకి దిగి ఉంటుంది.

పచ్చి తెల్ల సొనలోని ఎవిడిన్ అనే పదార్థం బయోటిన్‌ను పట్టేసుకుంటుంది. ఎప్పుడో ఒక పచ్చి గుడ్డు తింటే ఏమీ కాదు, రోజూ అయితే ఉడకబెట్టండి.

7. ఆకుకూర

తోటకూర, మునగాకు, గుమ్మడికాయ, క్యారెట్, బీరకాయ, ఏది తేలిగ్గా దొరికితే అది. ఆవిరి పట్టి మిక్సీలో మెత్తగా తిప్పాలి. పచ్చి క్యారెట్ ముక్క తిన్నది తిన్నట్టే బయటికి రావడం మీరు చూసే ఉంటారు. విటమిన్ కె ఆకుల్లో ఉంది, కార్జంలో ఉంది, పేగుల్లోని బ్యాక్టీరియా కూడా తయారు చేస్తుంది, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. మూత్రంలో రాళ్లు వచ్చిన కుక్కకు పాలకూర, తోటకూర మానేసి గుమ్మడి, బీర పెట్టండి.

బత్తాయి గురించి కూడా చెప్పాలి, నల్లగొండ కదా. తోటలో రాలిన బత్తాయి తొనలు సి విటమిన్ కోసమని కుక్కకు పెడుతుంటారు. కుక్క తనకు కావాల్సిన సి తన కార్జంలోనే తయారు చేసుకుంటుంది. తొక్క, గింజలు లేకుండా ఒక తొన తింటే నష్టం లేదు, లాభమూ లేదు.

8. క్యాల్షియం: ఎముక లేదా పెంకు, రెండూ వద్దు

మాంసంలో భాస్వరం ఎక్కువ, క్యాల్షియం దాదాపు లేనట్టే. మాంసం ముక్కలు మాత్రమే తిన్న కుక్క తన ఎముకల్లోంచే క్యాల్షియం తీసుకుంటుంది. అప్పుడు ఎంత డి పోసినా ఉపయోగం లేదు.

గుడ్డు పెంకులు కడిగి, పది నిమిషాలు మరిగించి, ఎండబెట్టి, మిక్సీలో గోధుమ పిండిలా మెత్తగా పట్టండి. వేళ్ల మధ్య గరుకు తగలకూడదు. 20 కిలోల కుక్కకు రోజుకు 3 గ్రాములు, అర టీస్పూను కన్నా కొంచెం ఎక్కువ. దాదాపు 1100 మిల్లీగ్రాముల క్యాల్షియం వస్తుంది.

ఎముకే పెట్టాలనుకుంటే రోజుకు 150 గ్రాముల పచ్చి కోడి మెడలు, అంతే తూకం మాంసం తగ్గించండి, పెంకు పొడి ఆపేయండి. మింగేసే అలవాటున్న కుక్కకు మెడలు దంచి ఇవ్వండి. మేక కాళ్ల నలీ ఎముకలు పళ్లు విరగ్గొడతాయి. ఉడికిన ఎముక చీలి పేగులో గుచ్చుకుంటుంది, బిర్యానీ ఎముకలు కూడా అంతే.

ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లవాళ్లకు ఒక మాట. ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుంటుంది. పశువుల ఎముకల పొడి చవకగా దొరికినా దాని జోలికి పోకుండా పెంకు పొడి వాడుకోండి. కుక్కకు కూడా బోరు నీళ్లు కాకుండా మీరు తాగే నీళ్లే పోయండి.

పెంకు పొడో ఎముకో పెడుతూ, దాని మీద క్యాల్షియం సిరప్ పోయకండి. ఆ సిరప్‌లలో చాలావాటిలో డి3 కూడా ఉంటుంది.

9. కలపడం, దాచడం

ఆదివారం పొద్దున రద్దీలో కాకుండా మామూలు రోజు కొనండి, కార్జం తిప్పి చూసేందుకు కొట్టాయనకూ ఓపిక ఉంటుంది. ఇంటికి రాగానే ఏ రోజుకారోజు పొట్లాలు కట్టి ఫ్రీజ్ చేయండి. కరిగించడం ఫ్రిజ్ కింది అరలో. ఎండాకాలం గట్టు మీద పెట్టి మరిచిపోతే ఆ పొట్లం అంతే సంగతులు. గిన్నెలో అరగంటకు మిగిలింది పారేయండి. క్యాప్సూలు, పెంకు పొడి ఫ్రీజ్ చేసే మిశ్రమంలో కాకుండా పెట్టే ముందే కలపండి.

గడ్డకట్టిస్తే క్రిములు చచ్చిపోతాయని నమ్మకండి, సాల్మొనెల్లా ఫ్రీజర్‌లో హాయిగా బతుకుతుంది. బర్డ్ ఫ్లూ వార్తలు వచ్చినన్నాళ్లు కోడి మాంసం ఉడికించే పెట్టండి. మేక ఈనినప్పుడు పడే మాయ కుక్కకు వేయొద్దు, బ్రుసెల్లా లాంటి జబ్బులు దాంతో వస్తాయి.

సగం అన్నం, సగం మాంసం పెట్టేవాళ్లు

మన దగ్గర ఎక్కువ మంది చేసేది ఇదే, తప్పేం కాదు. అన్నం బదులు జొన్న గట్క అయినా సరే. మాంసం తగ్గించినా గుడ్లు, చేప, కార్జం, విటమిన్ ఇ పైన చెప్పిన తూకంలోనే ఉంచండి, తగ్గించేది కండ మాంసం మాత్రమే. అన్నం తెల్లగా పాలిష్ పట్టిందే కాబట్టి దాన్నుంచి బి1 పెద్దగా రాదు.

జింక్, మాంగనీస్, అయోడిన్ ఇంటి తిండిలో తరచూ తక్కువ పడతాయి. ఏళ్ల తరబడి ఇలాగే పెట్టే ఉద్దేశం ఉంటే ఇంటి తిండి కోసమే తయారైన బ్యాలెన్సర్ పొడి ఏదైనా డాక్టరు చేత రాయించుకోండి. అది మొదలుపెట్టాక విడిగా వేస్తున్న క్యాప్సూళ్లు, పెంకు పొడి ఆ పొడిలో ఉన్నాయేమో లేబుల్ చూసి ఆపేయండి. మనుషుల మల్టీవిటమిన్ వద్దు, కొన్నింట్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, కుక్కకు అది ప్రాణాంతకం.

సరిగ్గా పడుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

ముందు మలం చూడండి. గట్టిగా, ముదురు రంగులో, తక్కువగా ఉంటే బాగుంది. తెల్లగా సుద్దలా పొడిపొడి అయితే ఎముక లేదా పెంకు ఎక్కువైంది. నల్లగా జిగటగా, పలచగా వస్తే కార్జం తూకం మళ్లీ చూడండి. కార్జం తగ్గించిన రెండు రోజులకూ నల్లగానే ఉంటే అది రక్తం కావచ్చు, దవాఖానకు తీసుకెళ్లండి.

రెండు వారాలకోసారి బరువు రాయండి. బొచ్చు మెరుపు రెండు మూడు నెలలకు గానీ తెలియదు. మెడ తిప్పడానికి ఇష్టపడకపోవడం, ముట్టుకుంటే మూలగడం, చర్మం పొడిబారి పొట్టు రాలడం కనిపిస్తే విటమిన్ ఏ ఎక్కువైందేమో అనుమానించాలి. నడకలో తూలుడు కనిపిస్తే రేపటిదాకా ఆగొద్దు.

మూడు నెలలకు రక్త పరీక్ష చేయించండి: రక్త కణాలు, క్యాల్షియం, భాస్వరం, ఏఎల్‌పీ (ఎముక, కార్జం జబ్బుల్లో పెరిగే ఎంజైమ్), కార్జం, కిడ్నీ పరీక్షలు. పొద్దున్నే ఖాళీ కడుపుతో తీసుకెళ్లి, పచ్చి మాంసం తింటుందని ముందే చెప్పండి, మాంసం తినే కుక్కల్లో యూరియా కాస్త ఎక్కువ చూపిస్తుంది. ఇంకో సంగతి, రక్తంలో క్యాల్షియం మామూలుగా ఉందంటే తిండిలో సరిపోతున్నట్టు కాదు. ఒళ్లు ఎముకల్లోంచి తీసి రక్తంలో నింపుతూ ఉంటుంది. కుంటుతుంటే ఎక్స్‌రే అడగండి. జిల్లాలో కుదరని పరీక్షలకు రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది.

దవాఖానకు పోయేటప్పుడు నోటుబుక్కు పట్టుకెళ్లండి. అందులో రోజూ ఏం పెట్టారు, ఎంత తూకం, నట్టల మందు ఎప్పుడు వేశారు అన్నవి చాలు. కుక్క మందుల పొట్లం చించి తిన్నదైతే మిగిలిన పొట్లం, మాత్రల షీటు కూడా తీసుకెళ్లాలి. ఎన్ని మిల్లీగ్రాములో, ఎన్ని యూనిట్లో దాని మీదే ఉంటుంది. వాంతయ్యేదాకా ఇంట్లో చూస్తూ కూర్చోవద్దు, ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే ప్రయత్నమూ వద్దు.